ముందు సీట్లో రక్షణ

సచివాలయం వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టులో జరిగినన్ని మంత్రివర్గ సమావేశాలు లోపల ఎన్నడూ జరగలేదు. లోపల మంత్రులు కూర్చునేవాళ్ళు, బయట వాళ్ళ డ్రైవర్లు కూర్చునేవాళ్ళు. లోపల ఏం తేలేదో దేవుడికే తెలియాలి గానీ, బయట మాత్రం టీ చల్లారేలోపు యుద్ధాలు మొదలై ముగిసిపోయేవి.

ఆ డ్రైవర్లకి పేర్లు లేక కాదు. ఇంటి దగ్గర పెళ్ళాలు పిలవడానికి ఒకటి, జీతం రోజున గుమాస్తా పిలవడానికి ఒకటి ఉండనే ఉన్నాయి. కానీ వెనక గేటు దగ్గర ఎవరు ఏ శాఖ బండి తోలితే ఆ శాఖే వాళ్ళ పేరు. ఆర్థిక మంత్రి డ్రైవరు ఆర్థికం. ఆరోగ్య మంత్రి డ్రైవరు ఆరోగ్యం, ఆయనకి ఏడాది పొడుగునా దగ్గు. విద్యామంత్రి డ్రైవరు విద్య, అందరిలోకీ పెద్దవాడు, మాట తక్కువ మనిషి. మంత్రులు ఎంతమంది మారినా ఆ బండి తాళం మాత్రం ఆయన జేబులోనే ఉండేది. ఇక మీసం దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా బెంచీ చివర కూర్చునే మనిషి రక్షణ మంత్రిగారి డ్రైవరు. అతను రక్షణ.

వాళ్ళ బళ్ళన్నీ రోడ్డుకి అవతల వరసగా నిలబడి ఉండేవి. అన్నిటికీ నల్లటి అద్దాలు. లోపల ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో బయటివాళ్ళకి తెలిసేది కాదు. టీకొట్టు నడిపే ఆమె రోజంతా ఆ బళ్ళకేసే చూస్తూ టీ కాస్తుంది గానీ, ఒక్కదాని లోపల కూడా ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. డ్రైవర్లందరికీ ఆమె అక్క. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు, ఒక్క విద్య తప్ప.

డ్రైవర్లన్నాక కోతలు కోయడం మామూలే. తన మంత్రి తనను అడక్కుండా సంతకం పెట్టడని ఆర్థికం చెప్పేవాడు. తన మంత్రికి మందులు తనే రాసిస్తానని ఆరోగ్యం చెప్పేవాడు. కోత మరీ పొడవైపోయినప్పుడు ఎవరో ఒకరు వేలి కణుపుతో బెంచీ మీద టక్ టక్ మని కొట్టేవాళ్ళు. మిగతావాళ్ళు గ్లాసుల్లోకి నవ్వుకునేవాళ్ళు. చెప్పేవాడు ఒక్క క్షణం ముఖం ముడుచుకుని మళ్ళీ అందుకునేవాడు. అవేవో డ్రైవర్ల చప్పట్లు కాబోలు అనుకుంది అక్క. అడిగే తీరిక ఎక్కడిది ఆమెకి.

అందరి కోతలూ ఒక ఎత్తు, రక్షణ కోతలు ఒక ఎత్తు. మిగతావాళ్ళకి అవి కాలక్షేపం. అక్కకి మాత్రం కాదు. ఆమె వాటి మీద ఒక ప్రాణం పెట్టుకుని కూర్చుంది.

ఆమెకి ఒక్కడే కొడుకు. కొట్టులో నీళ్ళ డ్రమ్ము కుళాయి కారుతుంటే దారం చుట్టి ఆపింది వాడే, ఆ దారం ఇంకా అలాగే ఉంది. సైన్యంలో లారీలు బాగుచేసే పని దొరుకుతుందంటే సంబరంగా చేరాడు. తీరా చేరాక కూటమి సంగతి బయటపడింది. మన దేశం నాలుగైదు దేశాలతో కలిసి ఒక కూటమిలో ఉందట. ఆ దేశాలన్నీ కలిసి ఎక్కడో మంచుకొండల సరిహద్దులో ఉమ్మడి సైన్యాన్ని నిలబెట్టాయట. దాని ఖర్చు అందరూ పంచుకోవాలట. మన వాటా మనం కట్టలేక, డబ్బుకి బదులు మనుషుల్ని పంపుతామని రక్షణ మంత్రిగారు ఒప్పుకుని వచ్చారట. ఆ పంపిన మనుషుల్లో వాడొకడు.

వాళ్ళని పంపేముందు ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక్కడే బిడ్డ ఉన్న తల్లి సైనిక కార్యాలయానికి వచ్చి స్వయంగా చెప్పుకుంటే ఆ బిడ్డను ఇక్కడి పనిలోనే ఉంచేస్తారు. గడువు కొద్ది రోజులే. అక్క స్టవ్వు ఆపేసి చెప్పులు కూడా వేసుకుంది. అప్పుడు ఆపింది రక్షణే.

“ఆ ఎండలో వరసలో నిలబడే ఖర్మ నీకేంటక్కా,” అన్నాడు. “అక్కడ నువ్వు చెప్తే గుమాస్తా వింటాడు. ఇక్కడ నేను చెప్తే మంత్రే వింటాడు. ఇవాళ దారిలో సారు చెవిన వేసేస్తాను. నువ్వు నిశ్చింతగా కొట్టు చూసుకో.”

అక్క ఆలోచించింది. ఆ మాటలో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. రోజంతా మంత్రిగారి వెంట ఉండేది ఎవరు? డ్రైవరు. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య దూరమెంత? చెయ్యి చాపితే అందేంత. ఆయన చెవికి ఇంతకంటే దగ్గరగా ఉండే మనిషి ఈ దేశంలో ఇంకెవరున్నారు? ఆమె చెప్పులు విప్పేసింది. గడువు దాటిపోయింది. అప్పట్నుంచి ప్రతి వాయి టీలో మొదటి గ్లాసు రక్షణదే, అల్లం కాస్త ఎక్కువ వేసి. ఎప్పుడు అడిగినా అతను “పనిలో ఉందక్కా, ఫైలు కదులుతోంది” అనేవాడు.

నిన్న సాయంత్రం ఫోన్లో కొడుకు గొంతు వచ్చింది. వెనకాల గాలి హోరు. “అమ్మా, మమ్మల్ని ముందు వరసలోకి మారుస్తున్నారు. అక్కడ ఫోను పలకదు. నువ్వేం బెంగపెట్టుకోకు,” అన్నాడు. ఆమె ఏదో అనేలోపే తెగిపోయింది.

అందుకని ఇవాళ రక్షణ రాగానే గట్టిగా అడగాలని పొద్దున్నుంచీ కాచుకుని ఉంది. అతను మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తాళాలు బెంచీ మీద పెట్టాడు, చేతిరుమాలు పరిచి దాని మీద కూర్చున్నాడు. అక్క నోరు తెరిచేలోపే ఆర్థికం అందుకున్నాడు.

“ఏం రక్షణా, నిన్న సభలో మీ సారు ఉతికి ఆరేశారటగా. పేపర్లన్నీ అదే వేశాయి.”

“ఏమన్నాడేంటి?” అన్నాడు ఆరోగ్యం, దగ్గు మధ్యలో.

ఆర్థికం గొంతు సవరించుకుని మంత్రిగారి ధోరణిలో చెప్పాడు. “కూటమివాళ్ళు మన వాటా ఏదని అడుగుతున్నారు. డబ్బున్న దేశాలు డబ్బు పెడతాయి, గుండె ఉన్న దేశం గుండెను పెడుతుంది. అదీ మాట. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట.”

రక్షణ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు. కోత మొదలవబోతోందని వాళ్ళకి తెలుసు. సరే, కథ అయ్యాక అడుగుదాం అనుకుని అక్క టీ గిన్నె స్టవ్వు మీద పెట్టింది.

“ఆ మాట ఎవరిదో తెలిస్తే మీరు గ్లాసులు కింద పెట్టేస్తారు,” అన్నాడు రక్షణ. “నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు. నేను చేసిందల్లా ఊరికే బ్రేకు వేయడం. మొన్న విమానాశ్రయానికి పోతున్నాం. సారు చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఒక కుక్క పడుకుని ఉంది. ఇంకొకడైతే కంగారుపడి గట్టిగా తొక్కేస్తాడు, నీళ్ళు ఆయన చొక్కా మీద పడతాయి. నేను తొక్కిన తీరుకి గ్లాసులో నీళ్ళూ తొణకలేదు, రోడ్డు మీద కుక్కా లేవలేదు.”

“అంతవరకు నమ్ముతాం,” అన్నాడు ఆర్థికం.

“నమ్మకపోతే కుక్కనడుగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు నా భుజం మీద చెయ్యేశారు. ఎన్నేళ్ళుగానో తోలుతున్నాను, ఆ చెయ్యి బరువు ఇంకా ఇక్కడే ఉంది. ఒరే, నీ కాలికున్న తెలివి నా సలహాదారుల తలకాయల్లో లేదురా, ఈ కూటమివాళ్ళు వాటా వాటా అని నా ప్రాణం తీస్తున్నారు, ఖజానా చూస్తే ఖాళీ, నువ్వే చెప్పు ఏం చెయ్యమంటావు అన్నారు. నేను అద్దంలోంచి ఆయన ముఖం చూశాను. పాపం, పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు. సార్, నాకు రాజకీయం తెలీదు, బండి తెలుసు అన్నాను. నలుగురు కలిసి ఒక బండిలో ప్రయాణం పోతున్నారనుకోండి, పెట్రోలు నలుగురూ పోయించాలి. జేబులో డబ్బులేనివాడు ఏం చేస్తాడు? దిగి తోస్తాడు. అంతే కదా సార్, పెట్రోలు పోయించలేకపోతే మనం దిగి తోద్దాం అన్నాను.”

టీ వడగడుతున్న అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఆ దిగి తోయడమే సభలోకి వచ్చేసరికి గుండె అయిందా?” అన్నాడు ఆరోగ్యం.

“అయింది మరి. మనం చెప్పేది సరుకు, దానికి రంగులేసేది వాళ్ళు. అక్కడితో అయిపోతే నేను చెప్పేవాణ్ణే కాదు. సారు నన్ను వదల్లేదు. ఈ ముక్క నువ్వే వచ్చి కూటమి సభలో చెప్పాలి అని విమానం ఎక్కించుకున్నారు. అక్కడ గుండ్రటి బల్ల ఉంటుంది చూశారూ, మీరు టీవీలో చూసేది చిన్న ముక్క, అసలు బల్ల ఈ వీధంత ఉంటుంది. అవతల చివర కూర్చున్నవాడికి ఇవతలివాడు దుర్భిణీలో కనిపించాలి. నాకో కుర్చీ వేశారు. చెవులకి ఏవో తగిలించబోయారు, అందులోంచి తర్జుమా వినిపిస్తుందట. తీసి పక్కన పెట్టాను. డ్రైవరు భాష అన్ని దేశాల్లోనూ ఒకటే, అక్కర్లేదు అన్నాను.”

విద్య తల వంచుకుని టీ తాగుతున్నాడు. ఆర్థికం బెంచీ మీద వేలితో టక్ టక్ మని కొట్టాడు. ఆరోగ్యానికి నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది. రక్షణ ముఖం ఒక్కసారి ముడుచుకుంది.

“కొట్టు, కొట్టు. నీకు కుర్చీ వేసినప్పుడు నేనూ కొడతాను,” అని మళ్ళీ ఊపందుకున్నాడు. “అందరికంటే పెద్ద దేశం అధ్యక్షుడు లేచాడు. తాటిచెట్టంత మనిషి. ఖర్చంతా మేము పెట్టి, కాపలా మేము కాసి, మీరు హాయిగా పడుకుంటారా అని బల్ల గుద్దాడు. బల్ల అదిరింది, అవతల చివరికి ఆ అదురు చేరడానికి కాసేపు పట్టింది. అందరూ గప్‌చిప్. మా సారు నా వైపు చూశారు. నేను లేచి, అయ్యా, అంతా మేమే పెడుతున్నామంటున్నారు, బాగానే ఉంది, మీ బండి లీటరుకి ఎంతిస్తుంది అని అడిగాను. అంతే. నోట మాట లేదు. పుట్టి బుద్ధెరిగాక స్టీరింగు పట్టని మనిషి, ఏం చెప్తాడు? తలుపు దగ్గర నిలబడ్డ ఆయన డ్రైవరు పరుగున వచ్చి నా కాళ్ళ మీద పడబోయాడు. అన్నా, ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడన్నా అని.”

“తెలుగులోనే?” అన్నాడు ఆర్థికం.

“ఏడుపుకి భాషేంటయ్యా. అక్కడ్నుంచి నేరుగా సరిహద్దుకి తీసుకెళ్ళారు, పరిస్థితి నువ్వే చూడు అని. మంచు. ఎటు చూసినా మంచు. ఇవతల మన ఉమ్మడి సైన్యం, అవతల శత్రువు ట్యాంకులు వరస కట్టి ఉన్నాయి. ఒక్క అడుగు ముందుకేస్తే కాల్చేస్తారు. జనరల్సు పటాలు పరుచుకుని తలలు పట్టుకున్నారు. నేను బండి ఎక్కాను, రివర్సు గేరు వేశాను. అలాగే వెనక్కి వెనక్కి తోలుకుంటూ సరాసరి శత్రువు డేరా దాకా పోయాను. ఒక్క గుండు పేలలేదు. ఎందుకు? వెనక్కి పోతున్నవాణ్ణి ఎవడు కాలుస్తాడు? పారిపోతున్నాడనుకుని నవ్వుకుంటూ దారిచ్చారు.”

ఈసారి ఆరోగ్యం కొట్టాడు, టక్ టక్. రక్షణకి అది వినిపించనే లేదు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దుటి నుంచి ఎవరూ తనతో మాట్లాడనట్టు, ఇప్పుడే ఎవరో కట్లు విప్పి వదిలినట్టు మాట్లాడుతున్నాడు.

“ట్యాంకులు కదలబోయాయి. నేను బండిని సరిగ్గా సరిహద్దు గీత మీద అడ్డంగా పెట్టి, తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఇంకేముంది, ఇటు సైన్యం ఇటే, అటు సైన్యం అటే. వెనక ట్యాంకులు హారన్లు కొట్టడం, ముందు ట్యాంకులు తిట్టుకోవడం. యుద్ధం లేదు, ఏమీ లేదు, ఉత్త ట్రాఫిక్ జామ్. చంద్రుడి మీంచి చూసినా ఆ జామ్ కనిపించిందట. చివరికి శత్రువు సేనాని తన తుపాకీ నా చేతికిచ్చి, బాబూ, కాస్త బండి తియ్యి అని బతిమాలుకున్నాడు.”

“తీశావా?”

“వాటా తేలేదాకా తియ్యనన్నాను. ఇక చూసుకోండి, కూటమి పెద్దలంతా నా బండి చుట్టూ చేరారు. మీ దేశం డబ్బు కట్టక్కర్లేదు, మనుషుల్నే ఇవ్వండి, ఎంతమందినిస్తారో చెప్పండి అన్నారు. సారు నన్ను పక్కకి పిలిచి, ఏరా, ఎంతమందిని ఇద్దాం అన్నారు. ఎంతమంది అన్నది కాదు సార్, ఎక్కడ నిలబెడతామన్నది ముఖ్యం, వెనక వరసలో నిలబెట్టి వంటలు చేయించి, లారీలు బాగుచేయించుకుంటే అది వాటా కిందకి లెక్క రాదు, రేపు మళ్ళీ డబ్బు కట్టమంటారు, మనవాళ్ళని ముందు వరసలో పెట్టండి, గుండె అన్నాక ముందుండాలి గానీ వెనకుంటే ఎట్లా అన్నాను. సారు నన్ను కౌగిలించుకున్నారు. అక్కడికక్కడే హుకుం జారీ చేశారు. ఇవాళ మనవాళ్ళు ముందు వరసలో ఉన్నారంటే, ఆ మాట ఈ నోటి నుంచి వచ్చిందే.”

చెప్పడం ముగించి, రక్షణ చెయ్యి చాపాడు. మామూలుగా ఈ పాటికి ఆ చేతిలోకి టీ గ్లాసు రావాలి. రాలేదు.

అక్క గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మిగతావాళ్ళకి చంద్రుడూ ట్యాంకులూ తాటిచెట్టు అధ్యక్షుడూ వినిపించాయి. ఆమెకి అవేవీ వినిపించలేదు. లారీలు బాగుచేసేవాళ్ళని ముందు వరసలోకి మార్చారన్నది ఒక్కటే వినిపించింది. అది కోత కాదని ఆమెకి తెలుసు. నిన్న సాయంత్రమే తెలుసు.

“ఆ మాట నువ్వే చెప్పావా తమ్ముడూ?” అంది.

“ఏ మాటక్కా?”

“ముందు వరసలో పెట్టమని.”

అప్పటికి గానీ రక్షణకి తాను ఎవరి ముందు కూర్చుని ఏం మాట్లాడాడో తట్టలేదు. “అంటే... అది పై సంగతిలేక్కా. దేశం సంగతి. మనవాడి సంగతి వేరే.”

“మనవాడి సంగతి చెప్పానన్నావు కదా.”

“చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను?”

“ఎప్పుడు చెప్పావు?”

“మొన్న. దారిలో.”

“ఆయనేమన్నారు?”

రక్షణ ఆర్థికం వైపు చూశాడు. ఆర్థికం తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. “చూద్దాం అన్నారక్కా.”

అక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే రక్షణకి కాస్త సులువుగా ఉండేది.

“అంతమందిని ముందుకు తొయ్యమని నువ్వంటే అక్కడికక్కడే హుకుం ఇచ్చారు. నా కొడుకొక్కడిని వెనక్కి పిలవమంటే చూద్దాం అన్నారా? నీ మాట పంపడానికే పనికొస్తుందా తమ్ముడూ, రప్పించడానికి పనికిరాదా?”

ఆరోగ్యం దగ్గు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడూ టక్ టక్ మనే బెంచీ ఇప్పుడు చప్పుడు లేకుండా ఉంది.

“సరే, పోయిందేదో పోయింది,” అంది అక్క. “ఇంకాసేపట్లో ఆయన బయటికొస్తారు. నేను నీతో పాటు బండి దాకా వస్తాను. నేనేం నోరెత్తను. నువ్వు ముందు కూర్చో, ఆయన వెనక కూర్చుంటారు. తలుపు వేసేలోపు నువ్వు ఆ ఒక్క ముక్కా నా చెవిన పడేలా అను. సార్, ఈవిడ కొడుకు అను. అంత చాలు. ఆయన కాదంటే, కాదన్నారని నేనే విని వచ్చేస్తాను. నిన్ను మళ్ళీ అడగను.”

“అక్కా, అదీ...”

“ఏం, ఇబ్బందా?”

“ఇబ్బందని కాదు. మనుషులుంటారు. గార్డులుంటారు.”

“శత్రువు డేరా దాకా పోయొచ్చావు కదా.”

అంతసేపు మాట తడబడని మనిషి, ఇప్పుడు ఒక్క ముక్క కోసం వెతుక్కుంటున్నాడు. చేతిరుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. అక్క అతన్ని అలా చూసి, అప్పటికీ అతను చెప్తాడనే అనుకుంది. అంత గొప్ప మనిషికి ఇంత చిన్న మాట కష్టమెందుకవుతుందో ఆమెకి అర్థం కాలేదు.

విద్య గ్లాసు కింద పెట్టాడు.

“వాడు చెప్పలేడమ్మా,” అన్నాడు. “చెప్పినా ఆయనకి వినపడదు. మధ్యలో అద్దం ఉంటుంది.”

“ఏం అద్దం?”

“ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్యన. లావుపాటి అద్దం, పైకప్పు దాకా బిగించేశారు. ఎప్పుడో ఒక డ్రైవరు బండిలో విన్న మాట బయట చెప్పాడని, అప్పట్నుంచి ఈ బళ్ళన్నిటికీ పెట్టేశారు. వెనక వాళ్ళేం మాట్లాడుకున్నా మాకు పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే. మేం అరిచినా వాళ్ళకి వినపడదు. తలుపు తీసేదీ వేసేదీ గార్డులు. మంత్రులు మాతో మాట్లాడాలంటే వేలితో అద్దం మీద కొడతారు. ఒకసారి కొడితే ఆపమని. రెండుసార్లు కొడితే పోనిమ్మని.” విద్య తన వేలి కణుపు వైపు చూసుకున్నాడు. “నా సర్వీసంతా కలిపి నేను విన్నది అదే.”

అక్క బెంచీకేసి చూసింది. నవ్వుకుంటూ వీళ్ళు కొట్టే టక్ టక్ ఏమిటో అప్పుడు తెలిసింది. కోత మరీ ఎక్కువైందిరా, అద్దం గుర్తుందా అని ఒకరికొకరు చెప్పుకోవడం అది. అందరికీ తెలిసిన సంగతే. తెలియనిది ఆమెకి ఒక్కదానికే.

“మీ అందరికీ తెలుసన్నమాట,” అంది.

ఆరోగ్యం ఖాళీ గ్లాసునే మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“చెప్పులేసుకుని నిలబడ్డాను. ఇక్కడే. మీరంతా ఇదే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. క్యూకి పోవద్దని ఇతను నాకు చెప్తుంటే మీరు వింటున్నారు. పో అమ్మా, వీడి మాట నమ్మకు అని ఒక్కరు అనలేదేం?”

ఆర్థికం గొణిగాడు. “మాలో మాకు ఒక మర్యాదుంటుందక్కా. ఒకడు చెప్తుంటే అద్దం మాట పైకి ఎత్తం. బెంచీ మీద కొడతాం గానీ నోటితో అనం. ఎవడి పరువు వాడిది.”

“మర్యాద,” అంది అక్క.

“పొద్దున్నుంచీ వేలి చప్పుళ్ళకి ఆగి, వేలి చప్పుళ్ళకి కదిలే బతుకమ్మా,” అన్నాడు విద్య, ఆమె ముఖంలోకి చూడకుండా. “ఇక్కడికొచ్చి ఇంత గొప్ప చెప్పుకుంటే ఎవరికేం నష్టంలే అనుకున్నాం. నీకు నష్టమని తట్టలేదు. తట్టినా ఊరుకున్నాం. నేను కూడా.”

అక్కకి ఆయన మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు. మంత్రిగారి మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన ఆమెకి నల్లద్దంగా తప్ప ఎప్పుడూ కనిపించలేదు. కూటమి అంటే ఏమిటో ఆమెకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఏ దేశం ఎంత పెట్టిందో, ఎవరికెంత తగ్గిందో, ఆ తగ్గినచోట తన కొడుకు ఎలా సరిపోయాడో తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ రోజు ఆమె కొట్టు మూసి వెళ్ళి ఉంటే వాడు ఇక్కడే ఏ షెడ్డులోనో లారీ కింద పడుకుని నట్లు బిగిస్తూ ఉండేవాడు. వెళ్ళకుండా టీ కాసింది. అల్లం ఎక్కువ వేసి మరీ కాసింది. తలుచుకుంటే ఆమెకి తన చేతుల మీదే అసహ్యం వేసింది.

“నేను ఇన్ని రోజులూ ధైర్యంగా ఉన్నాను తమ్ముడూ,” అంది రక్షణతో. “నువ్వున్నావని వాడికి కూడా చెప్పాను. భయపడకురా, మనకి మంత్రిగారి దగ్గర మనిషున్నాడని. వాడు అక్కడ తోటివాళ్ళకి చెప్పుకుని ఉంటాడు.”

రక్షణ తల ఎత్తలేదు. మీసం, చొక్కా, మెరుస్తున్న బూట్లు అన్నీ అలాగే ఉన్నాయి గానీ, వాటి లోపల మనిషి లేనట్టు కూర్చున్నాడు.

గేటు దగ్గర అలికిడి మొదలైంది. లోపల సమావేశం ముగిసింది. గేటు మనిషి బయటికొచ్చి, నోటి పక్కన చెయ్యి పెట్టుకుని కేకేశాడు. “రక్షణ బండీ. రక్షణ.”

రక్షణ లేచాడు. తాళాలు తీసుకోబోతే చేతిలోంచి జారి కింద పడ్డాయి, వంగి తీసుకున్నాడు. వెళ్ళలేదు. కొట్టు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, ఇవాళ ఎలాగైనా సరే. సారు దిగేటప్పుడు గార్డు తలుపు తీస్తాడు కదా, అప్పుడు నేను కూడా ఇటు నుంచి దిగి, అటు తిరిగి వెళ్ళి ఒక్క ముక్క...” అని, తను చెప్తున్నది తనకే వినపడి మధ్యలో ఆగిపోయాడు. “నన్ను నమ్మక్కా” అనబోయినట్టున్నాడు. పెదాలు మాత్రం కదిలాయి.

గేటు మనిషి మళ్ళీ కేకేశాడు. అవతల నల్లద్దాల బండి తలుపు గార్డు తీసి పట్టుకున్నాడు. ఎవరో లోపలికి వంగి కూర్చున్నారు. తలుపు పడింది.

అక్క తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. వేలు మడిచి, రక్షణ కళ్ళలోకి చూస్తూ, టీ బల్ల మీద కణుపుతో కొట్టింది. టక్, టక్.

అలవాటైన మనిషి కదా. కాళ్ళు వాటంతటవే కదిలాయి.